డాంబర్ గోళీలు

ఉగాది వెళ్ళిన మూడోనాడు పొద్దున్నే, చాయ్ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, అమెరికా నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడుండేది కొలరాడోలో. మనకి తెల్లారితే వాళ్ళకి దీపాలు పెట్టే వేళ.

“అక్కా, ఒక మాట అడుగుత, నవ్వద్దు” అన్నాడు.

నవ్వనని మాట ఇచ్చాను. నిలబెట్టుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

జరిగిందేమిటంటే, కిందటేడు వాడొక చక్రాల ఇల్లు కొన్నాడు. కాంపర్ ట్రెయిలర్ అంటారట. కారు వెనక తగిలించుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోవచ్చు. లోపల రెండు పరుపులు, గ్యాసు పొయ్యి, గుప్పెడంత స్నానాలగది. మన తెలుగువాళ్ళకి చక్రాల మీద కాపురం అనగానే గుర్తొచ్చేది 1982లో ఎన్.టి. రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్యరథం. పాత షెవర్లే వ్యానుని బాగుచేయించి, అందులోనే నిద్ర, అందులోనే తిండి, దాని పైకెక్కే ఉపన్యాసం. మా తమ్ముడి రథానికి అంత చరిత్ర లేదు. వేసవి సెలవల్లో పెళ్ళాం బిడ్డతో కొండల్లోకి వెళ్ళి నాలుగు రాత్రులు పడుకుని వచ్చాడు. చలికాలం రాగానే తాళం వేసి పెరట్లో నిలబెట్టాడు. మంచు కరిగాక మొన్న తలుపు తీశాడు.

“లోపల అడుగు పెట్టలేకపోయిన అక్కా. ఎలుకలు పరుపు చింపి గూడు పెట్టినయి. అరలనిండ రెట్టలే. ఆ వాసన చెప్పరాదు. అమ్మ పెట్టెల వేస్తుండె గద డాంబర్ గోళీలు, గవి ఈడ గూడ దొరుకుతయి. ఎన్ని వెయ్యాల్నో జర అమ్మనడుగు. ఆదివారంనాడు నేనూ చిన్నదీ కలిసి చీపురుతోటి మంచిగ ఊడ్చేస్తం.”

చిన్నదంటే వాడి కూతురు. దానికిప్పుడు రెండేళ్ళు.

అప్పటిదాకా నవ్వుతున్నదాన్ని, ఆ చివరి మాటతో ఆగిపోయాను. డాంబర్ గోళీలూ, రెండేళ్ళ పిల్లా! ఈ రెండూ ఒక వాక్యంలో వినబడితే ఇవాళ్టికీ నా గుండె ఒక్కక్షణం ఆగుతుంది. వాడికి తెలియదు. తెలిసే వయసు కాదప్పుడు.

“ఆదివారం దాకా ఆ తలుపు తియ్యకు. చిన్నదాన్ని దాని దరికి పోనియ్యకు. నేను మళ్ళ ఫోన్ చేస్త” అని పెట్టేశాను.

ఆ రోజంతా నేను రాసుకోవలసిన నవల పక్కన పెట్టి, ఎలుకల గురించీ వాసనల గురించీ చదువుతూ కూర్చున్నాను. బి.ఏ. చదివినదానికి ఈ రసాయనాలెందుకని మావారు ఎకసెక్కాలాడారు. ఆడనివ్వండి. ఆ చదివినదీ, మా ఇంట్లో జరిగినదీ కలిపి మీకు చెబుతాను. తాళం వేసి ఊరెళ్ళే ప్రతి ఇల్లాలికీ పనికొచ్చే సంగతే ఇది.

మాది శ్రీరాంపూర్. బొగ్గు బాయిల ఊరు. గోదావరి దాటితే అవతల గోదావరిఖని, రామగుండం. మంచిర్యాల ఇప్పుడు జిల్లా అయింది గానీ మా చిన్నప్పుడంతా ఆదిలాబాద్ జిల్లాయే. మా బాపు బాయిలో కోల్‌ఫిల్లరు. తట్టా, చెమ్మసూ పట్టుకుని దిగేవాడు, టబ్బులు నింపి పైకొచ్చేవాడు. మా క్వార్టరు రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వాకిలి. ఇంట్లో వాసనంటే మొదట బొగ్గుల పొయ్యి పొగ వాసన. బడిలో మా పక్కన కూచున్న టీచరమ్మగారి అమ్మాయి, మీ బట్టలు రైలింజను వాసన వస్తాయే అనేది. మాకు తెలిసేది కాదు. ఎవరి ఇంటి వాసన వాళ్ళకి తెలియదు కదా!

అది 1992 ఎండాకాలం. మా చిన్నమ్మ పెళ్ళికని తాళం వేసి అమ్మమ్మగారి ఊరెళ్ళాం. పెళ్ళయ్యాక అమ్మమ్మకి జబ్బు చేయడంతో నెలన్నర ఉండిపోయాం. వెళ్ళేముందు అమ్మ చాలా జాగ్రత్తలే తీసుకుంది. పెళ్ళిచీర, బాపు కొత్తగూడెంలో పనిచేసిన రోజుల్లో రాసిన ఉత్తరాలు, మా చిన్నప్పటి గౌన్లు అన్నీ రేకు పెట్టెలో సర్ది, గుప్పెళ్ళకొద్దీ డాంబర్ గోళీలు పోసింది. అలమరలో పోసింది. మంచం కింద పోసింది. ఇంక ఎలుకలేం వస్తాయిలే అని నిశ్చింతగా గొళ్ళెం పెట్టింది.

ఆ గోళీలకి ప్రాంతానికో పేరుంది చూశారూ! కోస్తా జిల్లాల్లో కలరా ఉండలంటారు. మా వైపు డాంబర్ గోళీలు. డాంబర్ అంటే తారు. రోడ్డు మీద పోస్తారే, అలాంటి నల్లటి జిగురు. తెల్లటి పిప్పరమెంటు బిళ్ళలాంటి ఆ గోళీకి తారుకీ సంబంధమేమిటని నాకు చిన్నప్పుడే అనుమానం. మా వాళ్ళు పెట్టిన పేరే నిజమని ఇప్పుడు తెలిసింది. అది బొగ్గు తారులోంచి పుట్టిందే.

ఆ కథ కాస్త వెనక నుంచి చెప్పాలి. బొగ్గుని గాలి తగలకుండా కుండలో పెట్టి కాలిస్తే మండే వాయువొకటి వస్తుంది. 1812లో లండన్‌లో ఆ వాయువుతో వీధిదీపాలు వెలిగించడానికి ఒక కంపెనీయే పెట్టారు. దీపాలు బాగానే వెలిగాయి గానీ, వాయువుతో పాటు నల్లటి కంపు తారు కూడా గుట్టలుగా వచ్చిపడింది. దాన్నేం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని మరిగించి, వడగట్టి, ఏముందో చూడడం మొదలుపెట్టారు. 1820 ప్రాంతాల్లో అందులోంచి తెల్లటి పలుకులు వచ్చాయి. జాన్ కిడ్ అనే ఆయన 1821లో దానికి నాఫ్తలీన్ అని పేరుపెట్టాడు. అదే మన గోళీ. అదే తారులోంచి 1834లో కార్బాలిక్ ఆమ్లం వచ్చింది. దాని సంతతే మనం బచ్చలింట్లో పోసే నల్ల ఫినాయిలు. 1856లో విలియం పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు మలేరియా మందు చేయబోతే, ఆ తారు సరుకులోంచే ఊదారంగు అద్దకం పుట్టింది. అంటే చీర రంగూ బొగ్గే, ఆ చీర మడతల్లో వేసే గోళీ కూడా బొగ్గే!

మా నేల బొగ్గు చరిత్ర కూడా పాతదే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వడం మొదలైంది. ఆ పక్క ఊరు సింగరేణి పేరే 1920లో కంపెనీ పేరయింది. మా బొగ్గు ఎక్కువగా కరెంటు కేంద్రాల్లో మండిపోతుంది. తారు వచ్చేది ఉక్కు కర్మాగారాల కోసం కోక్ కాల్చే కొలుముల్లోంచి. అయినా మా ఊరికి ఆ వాసన పూర్తిగా పరాయిదేమీ కాదు. శ్రీరాంపూర్ పక్కనున్న నస్పూర్‌ని ఇవాళ్టికీ సీసీసీ అంటారు. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే పేరుకి అది పొట్టిరూపం.

మరి వాసనకి ఇంకో వాసన మందెలా అయింది? అక్కడే ఉంది అసలు పొరపాటు. నూటయాభై ఏళ్ళ కిందటి వరకూ పెద్ద పెద్ద డాక్టర్లు కూడా రోగాలు దుర్వాసన వల్లే వస్తాయని నమ్మారు. ఎడ్విన్ చాడ్విక్ అనే లండన్ అధికారి 1846లో, వాసనంటేనే రోగమనే దాకా వెళ్ళాడు. కలరా నీళ్ళవల్ల వస్తుందని జాన్ స్నో 1854లో వీధి పంపు సాక్షిగా చూపించినా చాలామంది నమ్మలేదు. ఘాటైన వాసన వేస్తే రోగం పారిపోతుందన్నదే నమ్మకం. కలరా ఉండలు అన్న మాట వింటే, ఆ కాలపు నమ్మకమే మన నాలుక మీద మిగిలిపోయిందేమో అనిపిస్తుంది నాకు. రోగం పేరు చెప్పి కొన్నాం, చీరల్లో దాచుకున్నాం.

అలాగని అంతా దండగే అయిందనుకోకండి. కార్లైల్ అనే ఊళ్ళో మురికినీటి కంపు పోవడానికి కార్బాలిక్ ఆమ్లం పోస్తున్నారని చదివి, జోసెఫ్ లిస్టర్ అనే డాక్టరు 1865లో దాన్ని పుండ్ల మీద వాడి చూశాడు. కుళ్ళు తగ్గింది. ఆపరేషను చేస్తే బతకొచ్చునన్న ధైర్యం లోకానికి అక్కణ్ణుంచే వచ్చింది. కానీ లిస్టరు వాసన చూసి మురిసిపోలేదు, వాసన వెనకున్న క్రిముల్ని వెతికాడు. మనం వాసన దగ్గరే ఆగిపోయాం.

మా అమ్మ కూడా అక్కడే ఆగింది. నెలన్నర తర్వాత మేం క్వార్టరు తలుపు తీసేసరికి రెండు వాసనలు కలిసి ముఖాన కొట్టాయి. గోళీల ఘాటు ఒకటి. ఆ ఘాటులోంచి, దాన్ని లెక్కచేయకుండా, పులిసిన ఎలుక కంపు ఇంకోటి. రేకు పెట్టె మూల తుప్పుపట్టి చిటికెనవేలంత కన్నం పడింది. ఆ కన్నంలోంచే వెళ్ళాయి. గోళీలు ఒక పక్కకి నెట్టి, బాపు రాసిన ఉత్తరాలు సన్నగా చీల్చి, వాటిమీద పెళ్ళిచీర అంచు పరిచి, శుభ్రంగా గూడు కట్టుకున్నాయి. గులాబీరంగు పిల్లలు ఆరో ఏడో. డాంబర్ గోళీల మధ్యనే పురుడు పోసుకుంది ఆ తల్లి! నాఫ్తలీన్ గుడ్డల పురుగుని చంపుతుంది గానీ ఎలుకని ఆపదని మా అమ్మకి అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ ఆ ఉత్తరాల పీలికలు ఒళ్ళో పోసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని అక్షరాలు అతకడానికి చూస్తున్నాను. మా ఇద్దరి దృష్టీ వాటిమీదే ఉంది. మంచం కిందికి పాకిన తమ్ముణ్ణి ఎవరం చూడలేదు.

వాడికి రెండేళ్ళు. తెల్లగా, గుండ్రంగా కనిపించింది పిప్పరమెంటు కాక మరేమిటి? బుగ్గలో ఏదో పెట్టుకున్నాడని నేనే చూశాను. అమ్మ వేలు పెట్టి సగం ముక్క తీసింది. మిగతా సగం ఏమైందో తెలియదు. ఆ రోజు బాగానే ఆడుకున్నాడు. రెండోనాటికి వాడి ఒంటేలు చాయ్ డికాక్షను రంగులో వచ్చింది. పెదవులు తెల్లబడ్డాయి. బాపు ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే, బొగ్గు ముఖంతోనే వాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. వాడి తెల్లచొక్కా మీద ఆ చేతుల నల్లటి గుర్తులు నాకిప్పటికీ కళ్ళకి కడుతున్నాయి. రక్తం ఎక్కించారు. వారం రోజులకి ఇంటికొచ్చాడు.

కొందరి రక్తంలో పుట్టుకతోనే జి సిక్స్ పీడీ అనే ఒక పదార్థం తక్కువ ఉంటుంది. అలాంటివాళ్ళ ఒంట్లోకి నాఫ్తలీన్ వెళితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. నోట్లో పెట్టుకోనక్కరలేదు, గోళీలు వేసిన బట్టల్లో చుట్టబెట్టినా పసిగుడ్డులకి ప్రమాదమే. ఐరోపా దేశాల్లో 2008లో ఈ గోళీలు నిషేధించారు. మన దగ్గర ఇంకా అంగట్లో దొరుకుతూనే ఉన్నాయి. చంటిబిడ్డ బట్టల్లో గోళీలు వేసే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు వెళ్ళి అవి తీసేసి రండి. తర్వాత చదువుకోవచ్చు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గోళీ లేదు. మరి ఎలుకల సంగతి? విషం పెడదామంది అమ్మ. బాపు ఒప్పుకోలేదు.

“బాయిల ఎలుక మనకన్న ముందు ఇంటది. కప్పు కూలేటప్పుడు గదే ముందు ఉరుకుతది. దాన్ని చూసి మేం ఉరుకుతం” అనేవాడు. తన సద్దిగిన్నెలోంచి రొట్టెముక్క విరిచి పక్కన పెట్టనిదే తినేవాడు కాదట. ఇతర దేశాల గని కార్మికుల్లోనూ ఈ నమ్మకం ఉంది. నమ్మకం సరే, శాస్త్రం కూడా ఎలుకకి గనిలో ఒక ఉద్యోగం ఇచ్చింది. గనిలో మనిషిని చంపే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. ముక్కు ఎంత మంచిదైనా పనికిరాదు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు, బ్రిటిష్ గనుల్లో పేలుళ్ళు జరిగాక దిగేవాళ్ళు ఒక చిట్టెలుకనో, చిన్న పిట్టనో వెంట తీసుకెళ్ళాలని చెప్పాడు. చిన్న ప్రాణి ఊపిరి వేగంగా తీస్తుంది కనుక విషవాయువు దానికి ముందు తగులుతుంది. చివరికి కానరీ పిట్టలే స్థిరపడ్డాయి. ఎలుకకి తల తిరిగినా మూల నక్కి కూర్చుంటుంది, పిట్టయితే కొమ్మ మీంచి పడిపోతుంది, అందరికీ కనబడుతుంది. బ్రిటన్‌లో 1986 దాకా పిట్టలు గనుల్లోకి దిగుతూనే ఉన్నాయి.

బాపు మాట కాదని అమ్మ ఒకసారి చాటుగా విషం పెట్టింది. ఎలుక చచ్చింది. ఎక్కడ చచ్చిందో మాత్రం తెలియలేదు. గోడ కన్నంలో ఎక్కడో చచ్చి, పదిహేను రోజులు మమ్మల్ని వాకిట్లో పడుకోబెట్టింది. ఇది చూశాక ఆవిడే మనసు మార్చుకుంది.

అప్పుడు మొదలైంది అసలు వైద్యం. ఒక ఆదివారం బాపూ అమ్మా దీపం పట్టుకుని ఇల్లంతా పాకారు. గోడ అడుగున, నీళ్ళగొట్టం పక్కన, తలుపు కింద ఎక్కడ కన్నముంటే అక్కడ అమ్మ సున్నంతో గుర్తు పెట్టింది. బాపు గాజుపెంకులు దంచి సిమెంటులో కలిపి పూడ్చాడు. పెన్సిలు పట్టే సందుంటే చాలు, అందులోంచి చిట్టెలుక దూరిపోతుంది. తల దూరితే ఒళ్ళు దూరినట్టే. బియ్యం, పప్పు అన్నీ సంచుల్లోంచి మూత గట్టిగా పట్టే రేకు డబ్బాల్లోకి వెళ్ళాయి. రాత్రి పడుకునేముందు వంటింట్లో నూక గింజ మిగలకూడదని హుకుం. ఊరెళ్ళేటప్పుడు పరుపులు చుట్టి ఎత్తున కట్టేది. బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంచేది. లోపల మట్టిమూకుడులో బొగ్గు పెట్టేది. బొగ్గంటే మా బాయి బొగ్గు కాదు సుమండీ! ఇస్త్రీ అబ్బాయి దగ్గర కొన్న కట్టెబొగ్గు. బొగ్గు మీదే కాపురం చేస్తూ బొగ్గు కొనుక్కోవడమేమిటని ఇరుగుపొరుగు నవ్వేవారు. కానీ రాక్షసిబొగ్గు బిరుసు, దాని ఒంట్లో వాసనకి చోటు తక్కువ. కట్టెబొగ్గు నిండా కంటికి కనబడని కన్నాలు. వాటిల్లో వాసన ఇరుక్కుంటుంది. 1854లోనే జాన్ స్టెన్‌హౌస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కట్టెబొగ్గుతో ముఖానికి పెట్టుకునే జల్లెడ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ముఖాన పెట్టిన విషవాయువు తొడుగులకి మూలం అదే.

ఇదంతా అమ్మ సొంత తెలివే, కానీ పాతకాలపు తెలివి కూడా. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో బయటపడింది. అందులో నిప్పు, వరద, కరువులతో సమానంగా ఎలుకల బెడదని కూడా దేశానికి వచ్చే ఆపదల్లో లెక్కవేశాడాయన. పిల్లుల్నీ ముంగిసల్నీ వదలమన్నాడు, వాటిని పట్టుకున్నవాడికీ చంపినవాడికీ జరిమానా వేయమన్నాడు. ఎలుకల లెక్కన పన్ను కూడా వేయొచ్చన్నాడు. ధూపం వేసి ఊరుకోమని మాత్రం అనలేదు. సంస్కృతంలో మూషికమనే పేరుకి మూలమే దొంగతనం. దొంగకి అత్తరు వాసన చూపించి ఎవరైనా తరిమేస్తారా? తలుపు వేసుకుంటారు గానీ!

ఇంక వాసన. తుడిచినా కడిగినా ఎలుక కంపు ఎందుకు పోదు? ఈ ప్రశ్నకి జవాబు చదివినప్పుడు, నవలలు రాసుకునేదాన్ని కనుక, నాకు భలే సంతోషం వేసింది. మగ చిట్టెలుక ఒంటేలులో ఒక మాంసకృత్తు ఉంటుంది. వాసన చూసిన ఆడ ఎలుక దాన్ని గుర్తుపెట్టుకుని, అక్కడికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని కనిపెట్టి, డార్సిన్ అని పేరుపెట్టారు. జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’లో కథానాయకుడు డార్సీ పేరన్నమాట! ఎం.ఏ. అమ్మాయిలు మూడు తరాలుగా కలలు కన్న ఆ డార్సీ ఇలా తేలాడు చివరికి. ఈ జాతి మాంసకృత్తులు వాసనని ఒడిసి పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతాయి. అందుకే ఎలుక పోయినా దాని వాసన ఉంటుంది. మనకది కంపు. ఇంకో ఎలుకకి మాత్రం ఉత్తరం. “ఇక్కడ తిండి ఉంది, చోటుంది, నేనున్నాను” అని రాసిపెట్టిన ఉత్తరం. దానిమీద సెంటు చల్లితే ఉత్తరం చెరగదు. కడగాలి, ఎండబెట్టాలి, ఇంకిపోయిన పరుపునైతే పారేయాలి. మా బాపు ఉత్తరాలు చింపి, వాటి ఉత్తరాలు రాసుకున్నాయన్నమాట ఆ ఎలుకలు!

మిగిలింది చీపురు సంగతి. అసలు భయమంతా అక్కడే.

గోళీల గొడవ అయ్యాక మా అమ్మ ఇంకో నియమం పెట్టింది. ఎలుకలు తిరిగిన చోట పొడి చీపురు పెట్టకూడదు. ముందు ఫినాయిలు నీళ్ళు చల్లాలి, నాననివ్వాలి, తడిగుడ్డతో తీయాలి. వాకిట్లో సాంపి చల్లకుండా ఊడిస్తే దుమ్మంతా ముక్కులోకే కదా, ఇదీ అంతే అనేది. ఎలుకంటే మా అమ్మమ్మ తరానికున్న భయం ఆవిడ మాటల్లో ఉండేది. ప్లేగు రోజుల భయం. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దక్కనంతా పాకింది. 1911లో హైదరాబాదు నగరాన్నీ పట్టుకుంది. ఇంట్లో ఎలుకలు రాలడం మొదలైతే, మనుషులు ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకునేవారు. ఎలుక ఒంటి మీది గోమారి ద్వారా ఆ రోగం వస్తుందని 1898లో పాల్ లూయీ సిమోఁ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో తేల్చాడు. ఆ రోజుల్లో ఎలుకకి భయపడి డేరాల్లోకి వెళ్ళారు. ఇప్పుడు మా తమ్ముడి డేరాలోకే ఎలుక వచ్చింది.

అమెరికాలో ఆ భయం పేరు వేరు. హాంటా వైరసు. 1993లో కొలరాడో, న్యూ మెక్సికో, అరిజోనా, యూటా రాష్ట్రాలు కలిసే చోట, ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు ఉన్నట్టుండి ఊపిరందక చనిపోసాగారు. వెతగ్గా వెతగ్గా, అడవి చిట్టెలుక రెట్టల్లో, ఒంటేలులో ఆ వైరసు దొరికింది. ఎండిపోయిన రెట్ట పొడి గాల్లో లేచి ఊపిరిలో కలిస్తే చాలు. 2012లో యోసెమిటీ జాతీయ వనంలో సెలవలకి వెళ్ళి డేరా గదుల్లో పడుకున్నవాళ్ళలో పదిమందికి ఆ జబ్బు సోకింది, ముగ్గురు పోయారు. గదుల గోడల పొరల మధ్య ఎలుకలు గూళ్ళు పెట్టాయని తర్వాత తేలింది. మూసిపెట్టిన చోటు, ఎండిన రెట్టలు, పొడి చీపురు. మా తమ్ముడు ఆదివారం చేయబోయింది సరిగ్గా అదే. పక్కన రెండేళ్ళ పిల్లని పెట్టుకుని.

అందుకని ఆ రాత్రే ఫోన్ చేశాను. అమ్మని కూడా పక్కన కూచోబెట్టుకున్నాను.

ముందు తలుపులూ కిటికీలూ తీసి అరగంట బయటే ఉండమన్నాను. చేతికి తొడుగులు. ఒక వంతు బ్లీచింగు ద్రావకానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, రెట్టలూ గూడూ తడిసి ముద్దయ్యేలా చల్లి, అయిదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తి సంచిలో కట్టి పారేయాలి. చీపురు వద్దు, దుమ్ముపీల్చే యంత్రమూ వద్దు. తడిసిన పరుపు బయట పారేయాలి. తర్వాత ట్రెయిలరు కిందకి దూరి, గొట్టాలూ వైర్లూ లోపలికి వచ్చే ప్రతి సందులో ఉక్కుపీచు కుక్కి, పైన మైనం పూయాలి. వచ్చే చలికాలానికి లోపల ఒక్క బిస్కెట్టు ముక్క కూడా ఉండకూడదు. వాసనకి కట్టెబొగ్గు, వంటసోడా, ఎండ.

అన్నీ రాసుకున్నాడు. చివరికి అడిగాడు. “మరి డాంబర్ గోళీలు ఎన్ని వెయ్యాలె అక్కా?”

అప్పటిదాకా పలకని అమ్మ ఫోన్ తీసుకుంది. ముప్ఫయి ఏళ్ళుగా వాడికి చెప్పని ఆ కథ చెప్పింది. తప్పు తనదేనన్నట్టు చెప్పింది. గోళీ సంగతి, డికాక్షను రంగు సంగతి, బాపు బొగ్గు చేతుల సంగతి. అవతల చాలాసేపు ఏం వినబడలేదు.

“మరి నాకెన్నడు చెప్పలేదేందే అమ్మా?”

“నీకు గుర్తులేదు. నాకు గుర్తుంటే చాలనుకున్న” అంది అమ్మ.

మా బాపు పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉంటే ఇంకోమాట కూడా అనేవాడేమో. ఆ ఎలుకలకి కూడా నాలుగు గింజలు దూరంగా పెట్టమని. ఉండవలసిన చోట ఉంటే వాటితో ఆయనకే పేచీ లేదు.

మొన్న తమ్ముడు ఫొటో పంపాడు. ట్రెయిలరు తలుపులు తీసి ఉన్నాయి, పరుపు కొత్తది, కిటికీలో మట్టిమూకుడు, అందులో కట్టెబొగ్గు. మెట్టు మీద చిన్నది కూర్చుని నవ్వుతోంది. బుగ్గ ఒకవైపు కొంచెం ఉబ్బి ఉంది. అమ్మ అద్దాలు పెట్టుకుని, ఫొటో పెద్దది చేయించుకుని మరీ చూసింది. ఫోన్ కలపమంది.

“దాని నోట్ల ఏముందిరా?”

“ద్రాక్షపండే అమ్మా!”

“గింజ తీసి పెట్టు” అంది అమ్మ, అప్పటికి కాస్త ఊపిరి తీసుకుని.